చెరువు శిఖంలో సర్వర్లు

మా వరండా గోడ మీద రెండు గీతలున్నాయి. పైది 2020 ఆగస్టుది. కిందిది 2025 అక్టోబరు చివర మోంథా తుపాను వానకు ఇంట్లోకి వచ్చిన నీళ్లది. సున్నం వేయిద్దామంటే మా ఆయన వేయనివ్వరు. "రికార్డు" అంటారు. ముప్పై ఏళ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చెరువుకట్టల మీద తిరిగిన మనిషికి ఇంటి గోడ కూడా గేజే.

మా తమ్ముడు హైదరాబాద్ అవతల ఒక డేటా సెంటర్‌లో షిఫ్ట్ ఇంజినీర్. కంప్యూటర్ల వైపు కాదు, కూలింగ్ వైపు. చిల్లర్లు, పంపులు, టవర్లు వాడి లోకం. బావాబామ్మర్దులిద్దరికీ పని నీళ్లతోనే, అందుకే పడదు. కార్తీకమాసం ఆదివారమని భోజనానికి పిలిస్తే వచ్చాడు. చేతులు కడుక్కోకముందే మొదలైంది. నేను పప్పు దించి, కాగితం తెచ్చుకుని గడపలో కూర్చున్నాను.

తమ్ముడు: విశాఖకు గూగుల్ వచ్చె, చూసినవా బావా? అక్టోబర్ 14న ప్రకటించిన్రు. ఐదేండ్లల్ల 15 బిలియన్ డాలర్లు, ఒక గిగావాట్. మన దిక్కు చందనవెల్లి, మీర్‌ఖాన్‌పేటల అమెజాన్ ఎప్పుడో దిగింది, 2025 జనవరిల దావోస్‌ల ఇంకో 60,000 కోట్లన్నరు. మరి వరంగల్‌కు ఏం తక్కువ? మడికొండల ఐటీ పార్కు ఉన్నది. మామునూరు విమానాశ్రయానికి అనుమతి వచ్చింది. దేవాదుల ఎత్తిపోతల నీళ్లు ధర్మసాగర్ చెరువు దాకా రానే వస్తున్నయి. ఒక్క డేటా సెంటర్ పడితే ఊరి మొహమే మారుతది.

ఆయన: ఆ ధర్మసాగర్ పేరు తీసినవ్ చూడు, అక్కడ్నే నాకు భయం. నీకు చెరువంటే ట్యాంకర్. పైపు పెట్టి గుంజుకునే వస్తువు.

తమ్ముడు: పిల్లలకు ఉద్యోగాలు కావాలె గదా.

ఆయన: మీ దగ్గర రాత్రి షిఫ్టుల ఎంతమంది ఉంటరు?

వాడు వేళ్ల మీద లెక్కపెట్టి ఊరుకున్నాడు. ఉద్యోగాల మాట అక్కడితో తెగింది. ఆ లెక్క ఇద్దరికీ తెలుసు.

తమ్ముడు: సరే, నీళ్ల ముచ్చటే మాట్లాడుదాం. పేపర్లు చదివి భయపడుడు కాదు, లెక్క చేద్దాం. సర్వర్‌లకు పోయిన కరెంటంత వేడిగనే బయటికొస్తది. ఆ వేడిని టవర్ల నీళ్లు ఆవిరి చేసి తీస్తే, ఒక యూనిట్‌కు దగ్గర దగ్గర లీటరున్నర కావాలె. ఇది ఫిజిక్సు, కంపెనీ చెప్పిన మాట కాదు. 100 మెగావాట్ల సెంటర్ రాత్రింబవళ్లు పూర్తి లోడు మీద నడిస్తే రోజుకు 24 లక్షల యూనిట్లు. అంటే 36 లక్షల లీటర్లు.

ఆయన: రోజుకు!

తమ్ముడు: ఆగు బావా. ఇప్పుడు నీ లెక్క నువ్వు చెప్పు. ఒక టీఎంసీకి వరి ఎన్నెకరాలు?

ఆయన: వరికి 6,000, ఆరుతడికైతే 10,000. పాత లెక్క.

తమ్ముడు: టీఎంసీ అంటే 2,831 కోట్ల లీటర్లు. దాన్ని 6,000 పెట్టి భాగించు. ఒక ఎకరం వరి ఒక పంటకు తాగేది 47 లక్షల లీటర్లు. అంటే నా సెంటర్ ఒక రోజంత తాగే నీళ్లకంటే నీ ఒక్క ఎకరం ఎక్కువ తాగుతది. ఏడాదంత కలిపితే నా సెంటర్‌కు 131 కోట్ల లీటర్లు. 280 ఎకరాల వరి, గంతే! ఒక చిన్న కుంట కింది ఆయకట్టు. ఈ మాట ఎవరన్న చెప్పిన్రా నీకు?

మా ఆయన పెన్ను తీసుకుని మళ్లీ చేశారు. 278 వచ్చింది. నిజం చెప్పాలంటే ఆ లెక్క నన్నూ ఆపింది. డేటా సెంటర్లు నదుల్ని తాగేస్తాయన్న మాట విని విని, అది 280 ఎకరాల పాటి అని తేలితే మనసులో ఏదో జారినట్టయింది. మరి మనం దేనికి గోల చేస్తున్నాం?

ఆయన: లెక్క కరెక్టే. విశాఖలో చెప్పే గిగావాట్‌కు పదింతలు చేయాలె, 2,800 ఎకరాలు, అదీ మొత్తం ఆవిరి పద్ధతే పెడితే. ఒప్పుకుంట. కాని బామ్మర్ది, నువ్వు తాగేది లెక్కబెట్టినవ్, విడిచేది లెక్కబెట్టలె. వరి మడికి పెట్టిన నీళ్లు ఏడికి పోతయి?

తమ్ముడు: కొంత ఆవిరి, కొంత కిందికి.

ఆయన: కిందికి అంటే ఏడికి? కొంత భూమిల ఇంకి బావికొస్తది. కొంత ఒడ్డు దాటి కింది మడికి, కాలువకు, కింది చెరువుకు. గొలుసుకట్టు అని ఊరికే అన్నరా? పైచెరువు మత్తడి దుంకితే కిందిచెరువు నిండాలె. పైచెరువు ఆయకట్టు కారితే కింద ఊరబావి ఊరాలె. కాకతీయుల కాలంల ఒకే నీటి చుక్కను నాలుగూర్లకు పంచిన తెలివి అది. నీ టవర్‌ల పోసిన నీళ్లు? ఆకాశానికి. మళ్ల ధర్మసాగర్‌లనే వాన పడుతదని రాసిస్తవా?

తమ్ముడు: మొత్తం ఆకాశానికి పోదు. బ్లోడౌన్ ఉంటది.

ఆయన: అదేందో మీ అక్కకు చెప్పు, రాసుకుంటది.

వాడు నా వైపు తిరిగి చెప్పాడు, కాస్త ఇబ్బందిగానే. టవర్‌లో నీరు ఆవిరవుతుంటే అందులోని ఉప్పులు మిగిలిపోతాయి. పులుసు ఎంత మరిగితే అంత ఉప్పెక్కినట్టు. ఉప్పు ముదిరితే పైపుల్లో గార కడుతుంది. అందుకని కొంత నీటిని ఎప్పటికప్పుడు వదిలేసి కొత్త నీరు పోస్తారు. ఆ వదిలేసే నీరే బ్లోడౌన్. మామూలు నీటికి మూడు నాలుగింతల ఉప్పు, దానితోపాటు నాచు పట్టకుండా, తుప్పు పట్టకుండా వేసిన మందులు. శుద్ధి చేసి వదలాలని నియమం ఉంది.

ఆయన: నాచు పట్టకుండ మందు! చెరువంటేనే నాచు కదా. నాచు తిని పురుగు, పురుగు తిని చేప, చేప తిని కొంగ. ఎండకాలం చెరువు సగమైనప్పుడు ఆ నీళ్లొచ్చి చేరితే ఏమైతదో మత్స్య సంఘమోళ్లను అడుగు. నువ్వు ఏడాది లెక్క చెప్పినవ్. చేప ఏడాది మీద బతకదు, ఏప్రిల్ నెలల బతకాలె.

తమ్ముడు: మందులకంటే ముందు మోరీల సంగతి చెప్పు. మన చెరువులను గుర్రపుడెక్క ఎవరు కమ్మించిన్రు? సర్వర్లా? ఊరి మురికి. మా డేటా సెంటర్ వస్తే శుద్ధిచేసిన మురికినీళ్లు కొంటం బావా. కొనేటోడుంటే మురికినీళ్లు శుద్ధిచేసే ఎస్‌టీపీ నడుస్తది. కొనేటోడు లేకనే సగం మూలపడుతయి. ఒక్క మంచినీటి చుక్క ముట్టకుండ నడిపిస్తం.

ఇది నాకు నచ్చిన వాదన. మా ఆయనకూ నచ్చిందని ముఖమే చెప్పింది, నోరు మాత్రం ఒప్పుకోలేదు.

ఆయన: మంచిదే. కాని మురికినీళ్లు కూడ ఎవరివో ఒకరివే ఉంటయి. హైదరాబాద్ మురికినంత మోసే మూసీ కింద భువనగిరి దిక్కు ఎన్ని ఊర్లు వరి పండిస్తున్నయో చూసినవా? మచ్చలేని నీళ్లు కాదు అవి, కాని ఎండకాలం అవే నీళ్లు. అన్నీ నువ్వే కొనుక్కపోతే కింద వాగు ఎండుతది. కొను, కాని వాగుకు ఎంత విడవాలెనో ముందు రాసుకోని కొను.

తమ్ముడు: సరే, నీళ్లే వద్దు. ఇప్పుడు నీళ్లు ఆవిరిగాని పద్ధతులు వచ్చినయి. మూసిన పైపుల ఒకసారి నింపిన నీళ్లే తిరుగుతయి, బయట ఫ్యాన్లు. మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్‌ల చెప్పింది, కొత్త డిజైన్లల్ల కూలింగ్‌కు నీళ్లు ఆవిరి చేయమని.

ఆయన: మరి కరెంటు?

తమ్ముడు: పెరుగుతది. మన 43 డిగ్రీల ఎండల ఫ్యాన్లతోని వేడి తీయాలంటే కంప్రెసర్ ఉరకాలె.

ఆయన: ఆ కరెంటు ఏడికెళ్లి వస్తది? భూపాలపల్లి నుంచి. చెల్పూరుల కాకతీయ థర్మల్ 1,100 మెగావాట్లు. బొగ్గు పక్కనే సింగరేణిది, నీళ్లు గోదావరివి. బొగ్గు ప్లాంటుకు కేంద్రం 2015ల పెట్టిన హద్దే యూనిట్‌కు మూడున్నర లీటర్లు. నీ 24 లక్షల యూనిట్లు మొత్తం బొగ్గు కరెంటే అనుకో, రోజుకు 84 లక్షల లీటర్లు. నువ్వు హైదరాబాద్‌ల చుక్క ఆవిరి చేయకపోయినా ఇక్కడ రెండింతలకు పైన ఖర్చు కావొచ్చు. నీళ్లు మిగలలె, నీళ్ల అడ్రసు మారింది.

తమ్ముడు: సోలార్ కొంటున్నరు బావా, అందరూ.

ఆయన: రాత్రి?

తమ్ముడు: ...బ్యాటరీలు వస్తున్నయి.

ఇక్కడ నాకు ఒక పాత చికాకు గుర్తొచ్చింది. కృత్రిమ మేధను ఒక ప్రశ్న అడిగితే ఎన్ని నీళ్లు ఖర్చవుతాయనేది ఈమధ్య పెళ్లిళ్లలో కూడా చర్చే. 10 నుంచి 50 జవాబులకు అర లీటరు అని కాలిఫోర్నియా పరిశోధకులు 2023లో పాత మోడల్ మీద లెక్కకట్టారు. ఒక మామూలు ప్రశ్నకు 0.26 మిల్లీలీటర్లు, అంటే ఐదు చుక్కలు అని గూగుల్ 2025 ఆగస్టులో చెప్పుకుంది. అందులో కరెంటు ప్లాంటు తాగిన నీళ్లు లేవు. నాకైతే ఈ చుక్కల పంచాయితీయే దారి తప్పిందనిపిస్తుంది. చుక్క ఎంత అన్నది కాదు, ఎక్కడి చుక్క అన్నది చూడాలి. మా మనవడు ఫోన్‌లో అడిగే ప్రశ్నకు నేను లెక్క చెప్పుకోలేను. ఆ సర్వర్ ఏ నేల మీద కూర్చుందో మాత్రం ఎవరైనా చెప్పగలగాలి.

ఆ మాటే అన్నాను. ఇద్దరూ నన్ను చూశారు, గడపకు నోరొచ్చినట్టు.

ఆయన: అదీ! హైదరాబాద్ అవతలి మేకగూడల తుంగకుంట ముచ్చట నీకు తెల్వదా బామ్మర్ది? కుంటను ఆక్రమించిన్రు, వ్యర్థాలు విడుస్తున్నరు అని పక్కనున్న డేటా సెంటర్ మీద ఊరోళ్లు మొత్తుకున్నరు. పేపర్లకెక్కింది.

తమ్ముడు: ఆరోపణ అది. ఆరోపణంటే తీర్పు గాదు.

ఆయన: తీర్పు నేనియ్య. పేరు చూడుమంటున్న. తుంగకుంట. తుంగ ఏడ మొలుస్తది? కాళ్లు దిగబడే చోట. ఏ శాటిలైటూ లేని కాలంల పెట్టిన పేరు అది, ఇది చిత్తడి నేల అని బోర్డు రాసినట్టు. మనోళ్లు బోర్డు పీకకుండనే ప్లాటు చేస్తరు.

తమ్ముడు: చట్టం ఉన్నది కదా బావా, చిత్తడి నేలలకు.

మా ఆయన లోపలికెళ్లి ఫైలు తెచ్చారు. రిటైరైనా ఫైళ్లు రిటైర్ కాలేదు మా ఇంట్లో.

ఆయన: 2017 నిబంధనలు. చదువుతుంటే మొదట సంతోషమైతది. బురదనేల, మడుగు, సహజమైనా మనిషి చేసిందైనా, పారే నీళ్లైనా నిలిచే నీళ్లైనా అన్నీ చిత్తడి నేలలే అంటది. ఆ వాక్యం చివరికి రా. వరిపొలాలు కావు. తాగునీటికి కట్టినవి కావు. చేపలకు, ఉప్పుకు, వినోదానికి, సాగునీటికి ప్రత్యేకంగ కట్టినవి కావు. ఇప్పుడు చెప్పు. గణపతిదేవుని కాలంల పాకాల దేనికి కట్టిన్రు? రేచర్ల రుద్రుడు రామప్ప చెరువు దేనికి కట్టిండు? సాగుకే కద. అంటే ఎనిమిది వందల ఏండ్లుగ కొంగలొచ్చి వాలుతున్న నీళ్లు, ఈ కాగితం మీద చిత్తడి నేలలే కావు. 2024 ఆగస్టుకు దేశంల 85 రామ్‌సర్ స్థలాలు, అంటే అంతర్జాతీయ గుర్తింపున్న చిత్తడి నేలలు. తెలంగాణల ఒక్కటి లేదు. చెరువుల దేశం మనది, చిత్తడి నేల సున్న.

తమ్ముడు: సుప్రీంకోర్టు 2017ల 2,01,503 చిత్తడి నేలల జాబితా చెప్పి, అవన్ని కాపాడుమన్నది. అందుల చెరువులు గూడ ఉన్నయి.

ఆయన: ఉన్నయి. శాటిలైట్ నుంచి తీసిన జాబితా. నేల మీదికి పోయి హద్దులు చూసి రమ్మని అదే కోర్టు 2024 డిసెంబర్‌ల మళ్ల చెప్పవలసి వచ్చింది. హద్దురాయి లేని చెరువు ఎవనిది? ముందు మట్టి పోసినోనిది. మిగిలింది ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు, దాని చుట్టు బఫర్. 25 ఎకరాలు దాటిన చెరువుకు 30 మీటర్లు, లోపలున్నదానికి 9 మీటర్లు. తొమ్మిది మీటర్లు! మన ఇంటి ముంగట రోడ్డంత. ఇగ నీ డేటా సెంటర్ సంగతి. దాన్ని ఏ పేరుతోని అనుమతిస్తరు?

తమ్ముడు: పర్యావరణ అనుమతా? 20,000 చదరపు మీటర్లు దాటితే తీసుకోవాలె.

ఆయన: ఏ వర్గంల?

తమ్ముడు: ...భవన నిర్మాణం.

ఆయన: అపార్టుమెంటు లెక్క! 2006 నోటిఫికేషన్‌ల డేటా సెంటర్ అని వేరే వరుసే లేదు. భవనాల వర్గానికి ప్రజాభిప్రాయ సేకరణ లేదు. భూపాలపల్లిల కొత్త బొగ్గుబాయి తెరవాలన్న షామియానా ఏసి ఊరోళ్లను పిలవాలె, తిట్టించుకోవాలె. ఒక పట్నమంత కరెంటు తాగే నీ డబ్బాకు ఎవ్వరినీ పిలిచే పని లేదు.

కాగితం మీద నేను కింద గీత గీసుకున్న వాక్యం ఇదొక్కటే: చట్టం కంటికి మా చెరువు చిత్తడి నేల కాదు, డేటా సెంటర్ కర్మాగారం కాదు. పేరు లేని రెండు ఒకదానిపై ఒకటి కూర్చుంటే ఫిర్యాదు ఏ కిటికీలో ఇవ్వాలి?

మా తమ్ముడు కాసేపు గోడ వైపు చూశాడు. గీతల వైపు. అప్పుడు అడిగాడు.

తమ్ముడు: బావా, ఒక మాటంటే కోపం తెచ్చుకోవద్దు. ఈ ఇల్లు ఏడుంది?

ఆయన మాట్లాడలేదు.

తమ్ముడు: బొందివాగు నాలాకు దిగువల. అక్క పెండ్లినాటికి ఇది వరిమడి, నేను చిన్నప్పుడు ఇక్కడ పీతలు పట్టిన. 1990లల్ల నువ్వే ప్లాటు కొన్నవ్. చెరువుల నౌకరీ చేస్తూ, నీళ్లు ఎటు పారుతయో ఊరందరికంటే ఎక్కువ తెలిసి, కొన్నవ్. 2020ల నీళ్లొచ్చె. 2023 జులైల భద్రకాళి కట్ట తెగె. మొన్న మళ్లొచ్చె. వరంగల్ల ఇప్పటిదాక ఒక్క పెద్ద డేటా సెంటర్ లేదు బావా. మరి ఇక్కడి కుంటలు ఎవరు మింగిన్రు? నాలాలు ఎవరు సన్నగ చేసిన్రు? చెన్నైల పళ్లికరణై చిత్తడి నేలను ఐటీ కారిడార్ తిన్నదంటరు, నిజమే, కాని ఆ కారిడార్‌ల పనిచేసేటోళ్ల అపార్టుమెంట్లు గూడ దాని మీదనే ఉన్నయి. చివర వచ్చినోడు దొంగ, ముందొచ్చినోళ్లంత పెద్దమనుషులా?

నాకు కోపం వచ్చింది, తమ్ముడి మీద. ఆ ప్లాటుకు నా గొలుసు అమ్మాం. ఆ రోజుల్లో జీతానికి దొరికింది ఈ పల్లంలోనే. మెరకన ఉన్న చోటు ధర మెరకనే ఉండేది. ఈ సంగతి వాడికి తెలుసు, తెలిసీ అన్నాడు. అన్నది అబద్ధం కాదు కాబట్టి పప్పులోకి నెయ్యి తెస్తానని లేచాను.

తిరిగి వచ్చేసరికి మా ఆయన గొంతు తగ్గింది.

ఆయన: నువ్వన్నది నిజమే. ఇంకోటి నేనే చెప్త. పూడికలు తీసి, చెరువులు అందంగ చేయాలన్న రోజులల్ల ఒక ఊరి చెరువుకు, పేరెందుకులే, అంచు పొడుగూత నేనే దగ్గరుండి రాళ్లు పేర్పించిన. నడవనీకె బాట, బెంచీలు. తుంగంత పీకిచ్చిన, శుభ్రంగ ఉండాలని. మరుసటేడు నీటికోళ్లు రాలె. అవి గుడ్లు పెట్టేది ఆ తుంగలనే అని ఎవ్వరూ చెప్పలె, నేను అడగలె. అందుకే ఇప్పుడు అడుగుతున్న. నేను చేసిన తప్పు చిన్న చెయ్యితోని చేసిన. నువ్వు తెచ్చేది పెద్ద చెయ్యి. ఒక్క ప్లాటు గాదు, వంద ఎకరాలు ఒక్కసారే చదును చేస్తరు. ముందు పోయేది చిన్న కుంటలు, ఒర్రెలు, నక్షల పేరుగూడ లేనివి. ములుగు దిక్కు లక్ష్మీదేవిపేటల 2023 జులైల ఒక్క రోజుల 65 సెంటీమీటర్ల వాన పడ్డది. అసొంటి వాన ఆ వంద ఎకరాల కాంక్రీటు మీద పడితే ఎటు పోవాలె? మళ్ల ఈ గోడకే.

తమ్ముడు: మెరక మీద కట్టొచ్చు. గుట్టబోరు, రాళ్లభూమి మస్తుంది.

ఆయన: కట్టు! నేనేమన్న వద్దన్ననా? మెరక మీద కట్టు, పడ్డ వానను ఆడనే ఇంకించు, శుద్ధిచేసిన నీళ్లు కొను, ఎన్ని తాగినవో గేటు మీద రాయి.

తమ్ముడు: అది రాయనియ్యరు బావా. నీళ్ల లెక్క బయటపెడితే ఎన్ని సర్వర్లున్నయో పోటీ కంపెనీకి తెలుస్తదంటరు.

ఇది నేనూ చదివాను. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో ద డాల్స్ అని ఒక చిన్న పట్నం. అక్కడ గూగుల్ ఎన్ని నీళ్లు తీసుకుంటోందని ఒక పత్రిక అడిగితే అది వ్యాపార రహస్యమని, చెప్పకుండా ఉండడానికి నగరపాలక సంస్థే కోర్టుకెక్కింది. 2022 చివర రాజీపడి లెక్క బయటపెట్టారు. ఊరు వాడే నీళ్లలో నాలుగో వంతుకు పైనే. చిలీ రాజధాని శాంతియాగోలో గూగుల్ డేటా సెంటర్ మీద స్థానికులు కోర్టుకు వెళ్తే 2024లో అనుమతిని వెనక్కి పంపారు, నీళ్లతో చల్లబరిచే డిజైన్ వదిలేస్తామని కంపెనీయే చెప్పింది.

ఆయన: చూసినవా, అడిగితే వస్తది. మన దగ్గర నీళ్ల లెక్క చెప్పే మనిషి ఉంటుండె, పోయిండు. నీరటి. తూము ఎన్ని కన్నాలు తెరిచిండో, ఎవని మడికి ఎంత పోయిందో ఊరందరి ముందు చెప్పాలె. తప్పు చెప్తే కళ్లంల గింజలు రావు వానికి. జీతమిచ్చేది కంపెనీ గాదు, ఆయకట్టు రైతులు. నీ డేటా సెంటర్‌కు అసొంటోన్ని పెట్టు.

తమ్ముడు: నీరటా! ఆ పేరుతోని పోస్టు తీస్తే మా హెచ్ఆర్ బేహోష్ అయితది.

ఆయన: పేరు ఇంగ్లీషుల పెట్టుకో. జీతం మాత్రం చెరువు కిందోళ్లు ఇయ్యాలె.

తమ్ముడు: ఎంతిస్తరు?

ఆయన: గింజలు.

వాడు పగలబడి నవ్వాడు. అప్పటికి రెండయింది, పప్పు చల్లారింది. తింటూ మళ్లీ బ్లోడౌన్ గురించే ఏదో గుసగుస. ఈసారి వాడు ఇస్తరాకు మీద చారుతో గీసి చూపిస్తున్నాడు, ఈయన తలూపుతున్నారు. సాయంత్రం కాజీపేటలో రైలు. వెళ్లేముందు వాడు వరండాలో ఆగి, జేబులోంచి టేపు తీసి, కింది గీత నేల నుంచి ఎంత ఎత్తుందో కొలిచాడు. ఎందుకురా అంటే చెప్పలేదు. ఫోన్‌లో రాసుకుని వెళ్లిపోయాడు.